బానిస ఓడల వేటకు అరవై ఏళ్లు ఎందుకు పట్టింది?

అట్లాంటిక్ బానిస వ్యాపారం మీద ఎక్కడ చర్చ మొదలైనా కాసేపటికి ఇద్దరు తేలతారు. ఒకాయన, బ్రిటన్ సొంత డబ్బు పోసి, తన నావికుల ప్రాణాలు పణంగా పెట్టి ఆ వ్యాపారాన్ని ఆపింది, ఆ సంగతి మాత్రం ఎవరూ చెప్పరు అంటాడు. ఇంకొకాయన, అంతకుముందు వందేళ్లు ఆ వ్యాపారంలో అందరికంటే పెద్ద చెయ్యి ఎవరిదో కూడా చెప్పండి మరి అని తగులుకుంటాడు. ఇద్దరూ చెప్పేది నిజమే. మొత్తం మీద ఆఫ్రికా తీరంలో ఓడలెక్కించిన వాళ్లు సుమారు 1 కోటి 25 లక్షల మంది అయితే, అందులో 30 లక్షలకు పైగా బ్రిటిష్ ఓడలే ఎక్కించాయి. 1807లో అదే బ్రిటన్ చట్టం చేసి తన ఓడలను ఆపేసింది, మరుసటి ఏడాది నుంచి మిగతా వాళ్ల ఓడల వెంట కూడా పడింది.

నాకు ఆసక్తి కలిగించే ప్రశ్న మాత్రం ఈ తగువులో ఎవరూ అడగరు. 1805లో ట్రఫాల్గర్ యుద్ధం గెలిచాక సముద్రం మీద బ్రిటిష్ నేవీకి ఎదురు లేదు. అలాంటి నేవీ ఒక వ్యాపారాన్ని ఆపాలనుకుంటే దాదాపు 60 ఏళ్లు ఎందుకు పట్టింది? 1808 నుంచి 1860 వరకు, ఈ పని కోసమే నేవీ పెట్టిన పశ్చిమాఫ్రికా దళం దాదాపు 1,600 ఓడలను పట్టుకుని, లక్షన్నర మందిని విడిపించింది. చిన్న లెక్క కాదు. కానీ 1807 చట్టం తర్వాత కూడా ఇంకో 30 లక్షల మంది దాకా బానిసలుగా ఓడలెక్కారు. అంటే కాస్త అటూ ఇటూగా ఇరవై మందిలో ఒక్కరే నేవీకి దొరికారన్నమాట.

ఓడలు చాలకపోవడం ఒక కారణం, నిజమే. 1808లో మొదట పంపినవి రెండే రెండు: సోల్‌బే అనే పాత ఫ్రిగేట్, డెర్వెంట్ అనే చిన్న యుద్ధనౌక. సెనెగల్ నుంచి అంగోలా దాకా ఉన్న తీరానికి ఈ రెండూ ఏ మూలకి? తర్వాత సంఖ్య పెరిగింది, 1840ల్లో పాతిక ముప్పై దాకా వెళ్లింది. అయినా వ్యాపారం తగ్గలేదు. ఎందుకంటే ఓడను తరిమి పట్టుకోవడం కంటే, పట్టుకున్న ఓడలోకి ఎక్కి సోదా చేసే హక్కు సంపాదించడమే ఎక్కువ కష్టమైంది. ఈ కథలో అసలు యుద్ధమంతా కాగితాల మీదే జరిగింది.

నెపోలియన్‌తో యుద్ధం నడిచినంత కాలం ఈ సమస్య పెద్దగా బయటపడలేదు. యుద్ధ సమయంలో శత్రువు ఓడనే కాదు, తటస్థ దేశపు ఓడనైనా ఆపి సోదా చేసే హక్కు యుద్ధం చేస్తున్న దేశానికి ఉండేది, ఆ పేరుతో నేవీ బానిస ఓడలను కూడా ఆపేసేది. 1815లో శాంతి వచ్చింది, ఆ హక్కు పోయింది. 1816లో లె లూయీ అనే ఫ్రెంచి ఓడను బ్రిటిష్ వాళ్లు పట్టుకుంటే కేసు లండన్‌కు చేరింది. 1817లో న్యాయమూర్తి సర్ విలియం స్కాట్ ఆ జప్తు చెల్లదని తీర్పిచ్చాడు. శాంతి సమయంలో, ఒప్పందం లేకుండా, నడి సముద్రంలో ఒక దేశం ఇంకో దేశపు ఓడను ఆపడానికి వీల్లేదు, ఆఫ్రికాను విముక్తి చేయడం కోసం ఇతర దేశాల స్వాతంత్ర్యాన్ని తొక్కేయడం కుదరదు అన్నది ఆ తీర్పు సారాంశం. చదివితే ఒళ్లు మండుతుంది, కానీ కాసేపు ఆలోచిస్తే ఆయన చెప్పింది తప్పని అనడం కష్టం. మంచి పని పేరుతో ఎవరైనా ఎవరి ఓడనైనా ఆపొచ్చంటే, బలమైన నేవీ ఉన్నవాడే సముద్రానికి పోలీసు అయిపోతాడు. ఫ్రాన్సూ అమెరికా భయపడింది కూడా అందుకే. అమెరికన్ ఓడలెక్కి నావికులను బలవంతంగా లాక్కుపోయిన చరిత్ర బ్రిటన్‌కు అప్పటికే ఉంది.

కాబట్టి ఒక్కో దేశాన్నీ కూర్చోబెట్టి ఒప్పందాలు రాయించుకోవాల్సి వచ్చింది, అందులో కొన్నింటికి డబ్బు కూడా కట్టాల్సి వచ్చింది. 1815లో పోర్చుగల్‌కు 3 లక్షల పౌండ్లు, 1817లో స్పెయిన్‌కు 4 లక్షల పౌండ్లు. స్పెయిన్ 1820 నుంచి పూర్తిగా మానేస్తానంది. పోర్చుగల్ మాత్రం భూమధ్యరేఖకు ఉత్తరాన మానేస్తాను, దక్షిణాన నా ఇష్టం అంది. అంటే అంగోలా నుంచి బ్రెజిల్‌కు బానిసలను తీసుకెళ్లడం చట్టబద్ధమే! ఇక చూడండి, రేఖకు పైన పట్టుబడిన ప్రతి కెప్టెన్ దగ్గరా కింద ఉన్న రేవు పేరుతో కాగితాలుండేవి, అసలు పట్టుకున్నప్పుడు ఓడ ఏ అక్షాంశంలో ఉందన్నదే పెద్ద వాదన అయ్యేది.

ఈ వాదనలు తేల్చడానికి ఉమ్మడి కోర్టులు పెట్టారు. సియెర్రా లియోన్‌లోని ఫ్రీటౌన్, క్యూబాలోని హవానా, రియో డి జనీరో, సురినామ్, ఈ నాలుగు చోట్లా 1819 ప్రాంతంలో అవి మొదలయ్యాయి. రెండు దేశాలకూ చెరో జడ్జి. ఇద్దరికీ కుదరకపోతే ఇరువైపులా ఉన్న మధ్యవర్తుల్లో ఒకరిని చీటీ వేసి ఎంచుకునేవారు. వందలమంది మనుషులు బానిసలా స్వేచ్ఛాజీవులా అన్నది ఒక్కోసారి ఆ చీటీలో ఎవరి పేరొస్తే వాళ్ల చేతిలో ఉండేది. అయినా సరే, ఆ రోజుల్లో రెండు దేశాల జడ్జీలు ఒకే బల్ల దగ్గర కూర్చుని ఇలాంటి కేసులు విచారించడం కొత్త సంగతే, ఇవాళ్టి అంతర్జాతీయ కోర్టుల చరిత్ర రాసేవాళ్లలో కొందరు వీటి దగ్గర నుంచే మొదలుపెడతారు.

ఈ ఒప్పందాల్లో అతి పెద్ద కన్నం ఇంకోటి ఉంది. ఓడలో బానిసలు నిజంగా ఉంటేనే జప్తు చేయాలి. బానిసలను ఇంకా ఎక్కించని ఓడ తీరంలో లంగరేసి ఉందనుకోండి. లోపల గుట్టలుగా సంకెళ్లు, రెండో డెక్ వేయడానికి కోసిపెట్టిన పలకలు, ముప్పై మంది సిబ్బందికి మూడు వందల మందికి సరిపడా నీళ్ల పీపాలు, అంత వంటా వండగల పెద్ద బాయిలరు. కెప్టెన్ ఎందుకొచ్చాడో గుడ్డివాడికి కూడా తెలుస్తుంది, కానీ నేవీ వాళ్లు చూసి దిగిపోవాల్సిందే. కాదని పట్టుకుంటే, కోర్టులో కేసు ఓడిపోతే, ఆ నష్టపరిహారం నేవీ కెప్టెన్ సొంతంగా కట్టుకోవాల్సి రావచ్చు. అందుకని యుద్ధనౌకలు కంటికి కనపడనంత దూరంలో కాచుకుని, బానిసలను ఎక్కించుకుని బయటికొచ్చాక వెంటపడేవి. పైగా విడిపించిన ప్రతి మనిషికీ తలకింత అని నావికులకు ఇనాము ఇచ్చేవారు (మొదట్లో బాగా ఎక్కువే, 1830లో 5 పౌండ్లకు దించారు). ఖాళీ ఓడను ఆపితే పైసా రాదు. నిండు ఓడను పట్టుకుంటే డబ్బూ, పేరూ. తరుముకొస్తున్నారని భయపడి, సాక్ష్యం లేకుండా చేయడానికి మనుషులను సముద్రంలోకి తోసేసిన సంఘటనలు కూడా రికార్డుల్లో ఉన్నాయి. ఆ నావికులంతా దుర్మార్గులని చెప్పడం నా ఉద్దేశం కాదు, నియమం అలా రాస్తే మంచివాడైనా అలాగే నడుచుకుంటాడు.

ఈ కన్నం పూడ్చడానికి సరంజామా నిబంధన వచ్చింది, అంటే బానిసలు లేకపోయినా ఆ సామాన్లు దొరికితే చాలు, ఓడ జప్తే. నెదర్లాండ్స్ 1823లోనే ఒప్పుకుంది. స్పెయిన్ 1835లో ఒప్పుకుంది. పోర్చుగల్ ఎంతకీ ఒప్పుకోకపోతే 1839లో బ్రిటన్ విదేశాంగ మంత్రి పామర్‌స్టన్ ఒప్పందాలూ అవీ పక్కనపెట్టి, పోర్చుగీసు బానిస ఓడలను పట్టుకోవచ్చని తమ పార్లమెంటులోనే చట్టం చేయించేశాడు. సర్ విలియం స్కాట్ బతికుంటే ఏమనేవాడో! ఇలా ఒక్కో తలుపూ మూసేకొద్దీ వ్యాపారులు జెండా మారుస్తూ పోయారు. 1835కు ముందు స్పానిష్ జెండా, తర్వాత పోర్చుగీసు జెండా, 1839 తర్వాత అమెరికన్ జెండా, లేదా అసలు ఏ జెండా లేకుండా. ఓడ అదే, కెప్టెన్ అదే, పెట్టెలో రెండు మూడు దేశాల కాగితాలు.

వేగంలో కూడా నేవీ వెనకబడే ఉండేది. బానిస వ్యాపారులు వాడే బాల్టిమోర్ క్లిప్పర్లనే వేగమైన తెరచాప ఓడల ముందు నేవీ పంపిన ముసలి ఓడలు నిలిచేవి కావు. దానికి దొరికిన ఉపాయం, పట్టుకున్న ఓడనే కొనుక్కుని వాడుకోవడం. 1827లో సిబిల్ అనే నౌక హెన్రికెటా అనే బ్రెజిల్ బానిస ఓడను పట్టుకుంది. నేవీ దాన్నే కొని బ్లాక్ జోక్ అని పేరు మార్చింది. 1829 ఫిబ్రవరిలో ఆ చిన్న ఓడ తనకంటే చాలా ఎక్కువ ఫిరంగులున్న ఎల్ అల్మిరాంటే అనే స్పానిష్ ఓడను ఒక రాత్రీ పగలూ దాటి వెంటాడి లొంగదీసుకుంది, అందులో 466 మంది దొరికారు. ఇంగ్లండ్‌లో దాని బొమ్మలు వేసి మురిసిపోయారు. కానీ ఇదే కథకు రెండో వైపు చూడండి. జప్తు చేసిన మిగతా ఓడలను ఫ్రీటౌన్‌లో బహిరంగ వేలం వేసేవారు, బానిస వ్యాపారుల మనుషులే వచ్చి పాడుకుని తీసుకుపోయేవారు. పట్టుకున్న ఓడనే మళ్లీ పట్టుకోవడం! ఓడను ముక్కలు చేసి అమ్మాలన్న నియమం 1835 స్పానిష్ ఒప్పందంలో గానీ రాలేదు.

సరే, ఓడ దొరికింది, జెండా మారింది, ఇక లోపలున్న వాళ్ల సంగతి? సినిమాలో అయితే కథ ఇక్కడితో అయిపోతుంది. నిజంలో వాళ్లు అదే ఓడలో, చాలాసార్లు అదే కింది డెక్‌లో, కోర్టున్న ఊరి దాకా ప్రయాణం చేయాలి. నైజీరియా వైపు పట్టుబడిన ఓడ ఫ్రీటౌన్ చేరాలంటే గాలికీ ప్రవాహానికీ ఎదురెళ్లాలి, వారాలు పడుతుంది. నీళ్ల విరేచనాలు, మశూచి, దాహం. 1843లో మొజాంబిక్ నుంచి బ్రెజిల్‌కు బయల్దేరిన ప్రొగ్రెస్సో అనే ఓడను క్లియోపాత్రా అనే యుద్ధనౌక పట్టుకుంది. మొదటి రాత్రే తుపాను గాలి వస్తే పైనున్న వాళ్లందరినీ కిందికి తోసి తలుపులు మూశారు. తెల్లారి చూస్తే 54 మంది ఊపిరాడక చనిపోయి ఉన్నారు. అప్పటికి ఆ ఓడను నడుపుతున్నది బ్రిటిష్ నేవీయే.

ఫ్రీటౌన్‌లో దిగాక పేరు, వయసు, ఒంటి మీద గుర్తులు రిజిస్టరులో రాసేవారు. అక్కడి నుంచి కొందరు చుట్టుపక్కల కొత్త ఊళ్లకు, కొందరు మగవాళ్లు సైన్యానికి, పిల్లలు పని నేర్చుకోవాలన్న పేరుతో ఎవరో ఒకరి కింద ఏళ్ల తరబడి చాకిరీకి. ఇంటికి మాత్రం కాదు. ఇంటికి పంపితే మళ్లీ పట్టుకుని అమ్మేస్తారన్నది వాదన, అందులో నిజం లేకపోలేదు, కానీ ఏం కావాలని వాళ్లను అడిగింది మాత్రం అరుదు. 1840ల నుంచి కొన్ని వేలమందిని ట్రినిడాడ్, బ్రిటిష్ గయానా, జమైకా చెరకు తోటలకు ఒప్పంద కూలీలుగా ఓడల్లో పంపించారు. 1830ల్లో బ్రిటిష్ వలసల్లో బానిసత్వం రద్దయ్యాక తోటల యజమానులకు కూలీలు కావాల్సి వచ్చింది. కోరింగ రేవు నుంచి మన తెలుగువాళ్లను మారిషస్ చెరకు తోటలకు తీసుకెళ్లింది కూడా ఇదే అవసరం. మారిషస్ తెలుగువాళ్ల కథా, ఫ్రీటౌన్‌లో దిగి మళ్లీ ఓడెక్కిన ఆఫ్రికన్ల కథా ఒకే దశాబ్దాల్లో, ఒకే రకం ఒప్పంద కాగితం మీద నడిచాయి.

అయినా ఫ్రీటౌన్ ఒట్టి శిబిరంగా మిగిలిపోలేదు. యోరుబా ప్రాంతంలో 1821లో పట్టుబడి, అమ్ముడుపోయి, పోర్చుగీసు ఓడెక్కిన అజయి అనే కుర్రవాడిని 1822లో మిర్మిడన్ అనే నౌక విడిపించింది. ఆయనే సామ్యూల్ అజయి క్రౌథర్, 1864లో ఆంగ్లికన్ చర్చిలో బిషప్ అయిన మొదటి ఆఫ్రికన్, బైబిల్‌ను యోరుబాలోకి తెచ్చినవాడు. ఆఫ్రికా మూల మూలల నుంచి వచ్చిన వాళ్లు ఆ ఒక్క ఊళ్లో ఉండటం వల్ల, కోలే అనే జర్మన్ మిషనరీ ఊరు దాటకుండానే నూటయాభైకి పైగా భాషల మాటలు సేకరించి 1854లో అచ్చేయగలిగాడు. ఇక సెయింట్ హెలెనా దీవి కథ వేరే. నెపోలియన్‌ను ఉంచిన దీవిగానే మనకు తెలుసు. 1840 తర్వాత అక్కడికి పాతిక వేలకు పైగా ఆఫ్రికన్లను తెచ్చారు, వేలమంది అక్కడే పోయారు. 2007-08లో విమానాశ్రయం పనుల కోసం రూపర్ట్స్ వ్యాలీలో తవ్వినప్పుడు 325 మంది అస్థిపంజరాలు బయటపడ్డాయి.

నావికుల వైపు కూడా చావులు తక్కువేం కాదు, దాదాపు రెండు వేలమంది. ఎక్కువ మందిని చంపింది ఫిరంగులు కాదు, మలేరియా, ఎల్లో ఫీవర్. క్వినైన్ ముందుగానే వేసుకోవాలని నమ్మకంగా తేలడానికి 1850లు రావాల్సి వచ్చింది. పడవలు నడిపి, నదుల్లోకి వెళ్లి, బరువు పనులన్నీ చేసిన క్రూ తెగ నావికులు ఆ తీరం వాళ్లే. వాళ్లు లేకపోతే ఈ దళం నడిచేదే కాదు, కానీ నేవీ పుస్తకాల్లో చాలామందికి సొంత పేరు కూడా లేదు, ఇంగ్లీషు వాళ్లు పెట్టిన వెటకారపు పేర్లే ఉన్నాయి.

సముద్రం మీద పని జరగట్లేదని విసిగిన కొందరు అధికారులు నేల మీదికి దిగారు. 1840లో గాలినాస్ నది దగ్గర కమాండర్ జోసెఫ్ డెన్మన్ చేసిన పని దీనికి మంచి ఉదాహరణ. ఫ్రీటౌన్‌కు చెందిన ఫ్రై నార్మన్ అనే నల్లజాతి స్త్రీని, ఆమె బిడ్డను అక్కడి రాజు కొడుకు పట్టి ఉంచాడు. ఆమె బ్రిటిష్ పౌరురాలు. విడిపించుకు రమ్మని గవర్నర్ పంపితే, డెన్మన్ ఆ సాకుతో నది ముఖద్వారం దాటి లోపలికి వెళ్లి, రాజుతో ఒప్పందం రాయించుకుని, స్పానిష్ వ్యాపారుల బారకూన్‌లను, అంటే ఓడ వచ్చేదాకా బానిసలను కట్టేసి ఉంచే దొడ్లను, తగలబెట్టించాడు. 841 మంది బయటపడ్డారు. సముద్రంలో ఒక ఓడకు ఏడాదంతా తిరిగినా అంతమంది దొరకడం గగనం. నా సరుకు తగలబెట్టాడని ఒక స్పానిష్ వ్యాపారి లండన్ కోర్టులో దావా వేశాడు, సరుకులో బానిసలను కూడా కలిపి! 1848లో డెన్మన్ గెలిచాడు, ప్రభుత్వం ఆమోదించింది కాబట్టి అది ప్రభుత్వ చర్య అన్నారు.

ఈ దారి ఎక్కడికి పోతుందో ఊహించొచ్చు. 1851లో బానిస వ్యాపారం ఆపమంటే వినలేదని లాగోస్ మీద ఫిరంగులు పేల్చి, కొసోకో అనే రాజును తరిమి, అకిటోయేను కూర్చోబెట్టారు. పదేళ్లకు, 1861లో, లాగోస్‌ను బ్రిటిష్ వలసగా కలిపేసుకున్నారు. పామాయిల్ వ్యాపారం అప్పటికే జోరుగా ఉంది. బానిస వ్యాపారం ఆపడం వట్టి నాటకం అని దీన్నిబట్టి తేల్చేయడం నాకు నచ్చదు, కానీ ఆ కారణం లేకపోతే ఆ ఫిరంగులు అంత ధైర్యంగా పేలేవా అన్నది అడగాల్సిందే.

బ్రిటన్ చేతులు రెండూ రెండు పనులు చేశాయనడానికి లాగోస్ కంటే మంచి సాక్ష్యం చక్కెర. 1846లో బ్రిటన్ చక్కెర సుంకాలు సవరించి, బ్రెజిల్, క్యూబాల్లో బానిసలు పండించిన చక్కెరకు తన మార్కెట్ తలుపులు తెరిచింది. జనానికి చక్కెర చవకైంది. ఆ తోటలకు ఇంకా బానిసలు కావాల్సి వచ్చింది. నేవీ ఒక పక్క ఓడలు తరుముతుంటే, ఇంకో పక్క అదే దేశపు టీ కప్పుల్లోకి ఆ చక్కెర వచ్చి పడేది. ఇంత ఖర్చు పెట్టి సాధించిందేమిటి, దళాన్ని వెనక్కి పిలవండి అని విలియం హట్ అనే ఎంపీ 1850 మార్చిలో తీర్మానం పెడితే, ప్రధాని రస్సెల్ రాజీనామా చేస్తానని బెదిరిస్తే గానీ అది ఓడిపోలేదు, 154కు 232 ఓట్లతో.

విచిత్రం, అదే ఏడాది అసలు మలుపు వచ్చింది, అదీ ఆఫ్రికా తీరంలో కాదు. బ్రెజిల్ 1831లోనే బానిసల దిగుమతిని నిషేధించింది, ఎవరూ పట్టించుకోలేదు, ఆ తర్వాతే 7 లక్షలకు పైగా దిగారు. 1850 మధ్యలో బ్రిటిష్ నౌకలు బ్రెజిల్ రేవుల్లోకే చొరబడి ఓడలను పట్టుకోవడం మొదలుపెట్టాయి. పరనగువా దగ్గర కార్మొరంట్ అనే నౌకకూ బ్రెజిల్ కోటకూ మధ్య కాల్పులే జరిగాయి. సెప్టెంబరులో బ్రెజిల్ కొత్త చట్టం చేసింది, ఈసారి నిజంగా అమలు చేసింది, పెద్ద వ్యాపారులను దేశం నుంచి వెళ్లగొట్టింది. ఫిరంగుల భయం ఒక్కటే అనుకుంటే పొరపాటు. బానిస ఓడలే ఎల్లో ఫీవర్ తెచ్చాయని రియోలో జనం నమ్మారు, అర్జెంటీనాతో గొడవ ముదురుతున్న వేళ బ్రిటన్‌తో తగువు వద్దనుకున్నారు, బానిస వ్యాపారులకు అప్పులపాలైన తోటల యజమానులకు వాళ్ల మీద ప్రేమేం లేదు. బ్రిటిష్ లెక్కల్లో 1849లో 54 వేలమంది దిగితే, 1851లో దాదాపు మూడు వేలు, మరుసటి ఏడాది కొన్ని వందలు. నలభై ఏళ్లు తరిమినా కాని పని, కొనే దేశం తలుపు మూయగానే రెండేళ్లలో అయింది.

మిగిలింది క్యూబా, దానికి గొడుగు పట్టింది అమెరికన్ జెండా. అమెరికా కూడా 1808 నుంచే నిషేధించింది, 1820లో ఏకంగా దీన్ని సముద్రపు దోపిడీగా ప్రకటించి మరణశిక్ష పెట్టింది. కానీ తన ఓడలను బ్రిటన్ సోదా చేయడానికి మాత్రం ససేమిరా ఒప్పుకోలేదు. 1842లో 80 ఫిరంగుల దళాన్ని మేమే పంపుతామంది. పంపింది కూడా, ఎక్కడో కేప్ వెర్డ్ దీవుల్లో మకాం పెట్టి. 1850ల్లో న్యూయార్క్ రేవు నుంచే బానిస ఓడలు దర్జాగా బయల్దేరేవి. 1860లో కాంగో నది దగ్గర ఈరీ అనే ఓడలో 897 మందితో పట్టుబడిన కెప్టెన్ నథానియల్ గోర్డన్‌ను 1862 ఫిబ్రవరిలో న్యూయార్క్‌లో ఉరితీశారు. ఆ చట్టం కింద ఉరి పడింది ఆ ఒక్కడికే, అది కూడా దక్షిణ రాష్ట్రాలు విడిపోయి, లింకన్ గద్దె మీద ఉన్నాక, చట్టం వచ్చిన నలభై ఏళ్లకు.

అదే ఏడాది అమెరికా సోదా ఒప్పందం మీద సంతకం చేసింది. ఇక దాక్కోవడానికి పెద్ద జెండా ఏదీ మిగల్లేదు, 1867 నాటికి క్యూబా వ్యాపారం కూడా ఆగిపోయింది. ఆ ఒప్పందం కింద న్యూయార్క్, ఫ్రీటౌన్, కేప్‌టౌన్‌లలో మూడు ఉమ్మడి కోర్టులు పెట్టి, జడ్జీలను వేసి, జీతాలిచ్చారు. 1870లో వాటిని ఎత్తేసే దాకా ఆ మూడింటికీ ఒక్క కేసు కూడా రాలేదు.